అక్క బాల్కనీలో శంఖుపూల తీగ

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో పదకొండేళ్ళు నా పక్క క్వార్టర్‌లో ఉన్న అక్క పోయిందని మొన్న కడప నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ ఇచ్చిన గింజలతో తీగ పెంచినోళ్ళే ఇరవై మంది వచ్చినారు పిన్నీ" అంది. ఏడుపు రావలసిన చోట నాకు కుళ్ళు పుట్టింది. ఆ గింజలు నాకొక్కదానికే ఇచ్చిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

మేమిద్దరం ఒకే ఆస్పత్రిలో నర్సులం. తొంభైలో ఇరాక్‌తో కువైట్ గొడవ మొదలై మా సెలవులు ఆగిపోయిన నెలలో, ఊరి నుంచి తెచ్చుకున్న శంఖుపూల గింజల్లో సగం నా చేతిలో పోసింది. "తోలు మందం మే. గరుకు నేలకేసి రుద్ది, ఒకరోజు నానబెట్టల్ల" అంది. రైతు బిడ్డకు ఈవిడ చెప్పేదేమిటని నేరుగా మట్టిలో గుచ్చాను. ఒక్కటీ మొలవలేదు. అక్క తీగ మాత్రం బాల్కనీ గ్రిల్లంతా అల్లుకుని నీలంగా పూసింది.

యుద్ధం వచ్చింది. అద్దాలు పగిలి చిందకుండా కిటికీలకు ప్లాస్టర్లు అంటించుకున్నాం. ఊరి పక్కనున్న ఎయిర్ బేస్ నుంచి యుద్ధ విమానాలు లేచినప్పుడల్లా అద్దాలు గడగడలాడేవి. "అప్పుడు ఈ తీగను చూస్తా కూచుంటా మే, గుండె కుదుటపడతాది" అనేది అక్క. ఫిలిప్పీన్ నర్సులు, ఈజిప్టు డాక్టరమ్మ, అందరూ వచ్చి ఆ పూలు చూసిపోయేవారు. మా ఆయన కూడా మా వంటింటి కిటికీలోంచి అటే చూస్తూ టీ తాగేవాడు.

యుద్ధం ముగిశాక అక్క నెల సెలవు మీద ఇంటికెళుతూ తాళంచెవి నాకిచ్చింది. వారం రోజులు నీళ్ళు పోశాను. "మనింట్లో ఒక్క పువ్వూ పూయదేం?" అని మా ఆయన నవ్విన రోజున మానేశాను. పది రోజులు అటు తొంగిచూడలేదు. చూసేసరికి ఆకులు చేతిలో పొడి అయ్యాయి. బకెట్టు నీళ్ళు గుమ్మరించినా లేవలేదు.

అక్క తిరిగొచ్చాక డ్యూటీలు ఎక్కువయ్యాయని చెప్పబోయాను. చివరికి "కావాలనే పొయ్యలేదక్కా. ఓర్వలేకపోయాను" అన్నాను.

అక్క ఎండిన తీగలోంచి కాయలు ఏరుకుంటూ, తలెత్తకుండా "పో మే" అంది.

రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి మా గుమ్మం ముందు నిలబడి ఉంది, గుప్పిట్లో గింజలతో.

"కూచో. నా ముందరే రుద్దు" అంది.

రుద్దాను. ఈసారి మొలిచాయి. అక్క కూడా మళ్ళీ వేసుకుంది. ఆ ఏడు నా తీగే ముందు పూసింది. "నీదానికి అన్ని పూలా! నాదానికేం రోగం?" అని అక్క మూతి ముడుచుకుంటే, మన్నింపు దొరికినట్టే అనిపించింది నాకు.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అక్క ఒకేలా కనబడుతుంది. తెల్ల యూనిఫాంలో, తన గ్రిల్ మీంచి నా బాల్కనీలోకి వంగి, నేను చూడటం లేదనుకుని, వేలు ఆడిస్తూ నా పూలు లెక్కపెడుతూ ఉంటుంది.