దేవసహాయం ఎడమ చెయ్యి

2023, చలికాలం చివరి రోజులు. సారపాకలో ఒక మందుల షాపు పైన గది కిరాయికి తీసుకుని డ్రమ్స్ నేర్పుతున్నాను. అంతకుముందు ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో వాయించాను. పేపర్ మిల్లుకు జామాయిల్ కర్ర తెచ్చే లారీలు కింద రోడ్డు మీద పోతుంటే కిటికీలు అదిరేవి. లారీల కంటే నా గొంతే పెద్దదని నా దగ్గర నేర్చుకునేవాళ్ళు చెప్పుకునేవారు. అబద్ధమేమీ కాదు, నాకు ఓపిక తక్కువ.

ఒక ఆదివారం మధ్యాహ్నం సుగుణమ్మ టీచర్ ఒకతన్ని వెంటబెట్టుకుని వచ్చారు. దగ్గర్లోని ఒక చర్చిలో పాటల బృందాన్ని నడిపించేది ఆమే. అతని పేరు దేవసహాయం. నలభైకి దగ్గర పడ్డ మనిషి, మిల్లులో కాంట్రాక్టు పని. చర్చిలో పాత డ్రమ్మర్ ఊరు విడిచి వెళ్ళిపోతే, చూసి చూసి తనే నేర్చుకుని ఆరు నెలలుగా వాయిస్తున్నాడట.

"ఈయనకు తాళం తెలుసు సార్. కానీ రెండో దెబ్బ ఇనబడ్తలేదు. జనం తలో తీరు చప్పట్లు కొడ్తున్నరు. ఈస్టర్ దాకా చూస్తం. గప్పటికీ గిట్లనే ఉంటే కీబోర్డుల ఉన్న రిథమ్ పెట్టుకుంటం," అన్నారు ఆమె, అతని ముందే.

ఆమె మెట్లు దిగాక దేవసహాయం మెల్లగా అన్నాడు. "వారమంత మిల్లుల ఎవరు పిలిస్తే వాళ్ళ దిక్కు ఉరుకుత సార్. ఆదివారం ఒక్కపూట అందరు నా దెబ్బకు పాడతరు. అది పోతే నాకు బాగ కష్టమైతది."

డ్రమ్ కిట్ దగ్గర మామూలుగా కుడిచెయ్యి హై-హ్యాట్ మీద, అంటే ఒకదాని మీద ఒకటి మూసినట్టుండే రెండు ఇత్తడి తాళాల మీద, సన్నగా నడుస్తుంటుంది. ఎడమచెయ్యి మోకాళ్ళ మధ్య ఉండే స్నేర్ డ్రమ్ము మీద రెండో దెబ్బ, నాలుగో దెబ్బ గట్టిగా వేయాలి. దాన్ని బ్యాక్‌బీట్ అంటాం. జనం చప్పట్లు కొట్టేది దాన్ని పట్టుకునే. దేవసహాయం ఎడమచెయ్యి మాత్రం స్నేర్‌ను తాకీ తాకనట్టు తాకేది.

"ఇంతకుముందు ఏమైనా వాయించావా?" అని అడిగాను.

"ఏం లేదు సార్."

అయితే చేతిలో బలం లేదన్నమాట అనుకున్నాను. రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ ఇచ్చి, ఫోన్‌లో మెట్రోనోమ్, అంటే సమానంగా టిక్కుటిక్కుమనే యాప్, పెట్టించాను. రోజూ అరగంట ఎడమచెయ్యి ఒక్కటే కొట్టాలి, అదీ గట్టిగా. పుల్లను వేళ్ళ కొసలతో పట్టుకుంటున్నాడని ప్రతిసారీ కసిరేవాణ్ణి. "పుల్లను పిడికిట్లో పట్టు! అన్నం తినే వస్తున్నావా?" అనేవాణ్ణి. షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మనిషిని ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నెలన్నర గడిచినా ఆ చేతికి మార్పు రాలేదు. ఒకరోజు మణికట్టుకు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. విప్పి చూస్తే వాచి ఉంది. చేతులు ఆడితేనే అతనికి రోజు గడుస్తుంది. వెంటనే బండి మీద భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను. ఎముకకేం కాలేదు, నరం బెణికింది, పది రోజులు చేతికి ఏ బరువూ పెట్టొద్దన్నాడు డాక్టరు. ఈస్టర్ ఇంకా ఐదు వారాలుంది.

చెయ్యి ఆడించొద్దన్నా అతను క్లాసు మానలేదు. మూల కుర్చీలో కూర్చుని మిగతావాళ్ళు వాయిస్తుంటే చూసేవాడు. వాపు తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం నా వెనకాల చిన్న చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే, దేవసహాయం తన్మయంగా కుర్చీ అంచు మీద వాయించుకుంటున్నాడు. కుడి అరచెయ్యి బరువుగా పడుతోంది. దాని సందుల్లో ఎడమ వేళ్ళు ఎంత తేలిగ్గా, ఎంత జోరుగా ఆడుతున్నాయంటే, ఆ నడక నాకు కూడా రాదు.

"ఏందది?"

చేతులు గబుక్కున ఒళ్ళోకి లాక్కున్నాడు. చాలాసేపు బతిమాలితే చెప్పాడు.

"డప్పు సార్. మా నాయిన నేర్పిండు. పదేండ్లప్పటి సంది ఆయనెంబడి సావులకు, జాతర్లకు పోయి కొట్టిన."

"మరి ఏమీ వాయించలేదన్నావేం?"

"టీచరమ్మ పక్కనే ఉండె గద సార్. సావు కాడ డప్పు కొట్టినోడు దేవుని పాటకేం కొడ్తడు అంటరేమోనని."

దమ్మపేటలో అతని అన్న దగ్గరున్న డప్పును ఆ వారమే తెప్పించాను. ఎడమ భుజానికి తగిలించుకుని నిలబడ్డాడు. కుడిచేతిలో సిర్ర, అంటే పొట్టి లావు కర్ర. ఎడమచేతిలో సిటికెన పుల్ల, సన్నగా పొడుగ్గా ఉండే పుల్ల. బరువు దెబ్బ కుడిది, సందులు నింపే పని ఎడమది. ఆ ఎడమచెయ్యి చిన్నప్పటి నుంచీ నేర్చిందే తేలిగ్గా తాకడం. నేనేమో కిట్టులోకెల్లా బరువైన దెబ్బను దాని నెత్తిన పెట్టి, వాచిపోయేదాకా బాదించాను.

మర్నాడు చేతులు మార్పించాను. ఎడమది హై-హ్యాట్ మీద, కుడిది స్నేర్ మీద. అట్లా వాయించేవాళ్ళూ ఉన్నారు గానీ, నేను మాత్రం అది తప్పని అంతవరకు ఎందరినో తిట్టినవాణ్ణి. మొదటి దెబ్బకే స్నేర్ పలికింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నిమిషం కూడా నిలవలేదు. ఒకటో దెబ్బకూ మూడో దెబ్బకూ పెడల్ తొక్కాల్సిన కుడికాలు, కుడిచెయ్యి పడినప్పుడల్లా దాంతోపాటే పడి బేస్ డ్రమ్, అంటే కింద ఉండే పెద్ద డ్రమ్ము, మోగుతోంది. మళ్ళీ మొదటికొచ్చాం. మెట్రోనోమ్ వేగం బాగా తగ్గించి, "కాలు, చెయ్యి, కాలు, చెయ్యి" అని నోటితో అనిపిస్తూ మూడు వారాలు నడిపించాను. మిల్లు క్యాంటీన్లో కూడా బల్ల కింద కాలు ఆడిస్తుంటే తోటివాళ్ళు నవ్వారట. నేను ఒక్కసారి కూడా అరవలేదు.

ఈస్టర్ రోజు తెల్లవారకముందే చర్చి ఆవరణలో వెనక వరసలో నిలబడ్డాను. పాట మొదలైంది. రెండో దెబ్బ టప్పున పడింది. నాలుగోదీ పడింది. రెండో చరణానికి ఆవరణలోని చప్పట్లన్నీ ఒక్కటయ్యాయి. ప్రతి పాటకూ డ్రమ్స్ వైపు గుర్రుగా చూస్తారని దేవసహాయం చెప్పిన సుగుణమ్మ టీచర్ ఆ రోజు వెనక్కి తిరగనే లేదు. నేనూ అందరితోపాటు చప్పట్లు కొట్టాను.

ఆరాధన అయ్యాక ఆమె దగ్గరికొచ్చి అడిగారు. "చేతులు ఉల్టా పెట్టి కొడ్తున్నవేంది దేవసహాయం?"

అతను నా వైపు చూశాడు. "నేను డప్పు కొట్టెటోన్ని టీచరమ్మా. మా నాయినెంబడి సావులకు పోయి కొట్టిన. గా చెయ్యే ఇది," అన్నాడు, చుట్టూ నలుగురూ వింటుండగానే.

"మా నాయిన పోయిననాడు డప్పు కొట్టినోళ్ళే నాతోని ఏడ్చిండ్రు. మస్తు ధైర్యమనిపించింది," అని, "వచ్చే ఆదివారం జర జల్దీ రా, కొత్త పాట ఉంది," అన్నారు ఆమె.

గేటు దాటాక అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. "అడిగిండ్రు గద సార్, నేనే దాచిన," అన్నాడు. కానీ అతని చెయ్యి మొదటి రోజు నుంచీ ఏదీ దాచలేదు. నెలన్నర కళ్ళెదుటే పెట్టుకుని నేనే చూడలేదు. చేతిలో లోపం ఉందనిపిస్తే, సాధన చెప్పడానికి ముందు ఆ చేతికి వచ్చిన పనేదో తెలుసుకోవాలని నాకు నేర్పింది దేవసహాయమే.