తల ఊపాకే నీ మాట

నిన్న మా సరిహద్దు ఊరు దోర్నపాల్‌లో టీ కొట్టు దగ్గర ఎవరి ఫోన్‌లోంచో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. గాజాలో కూలిన ఇంటి వీడియో అది. చూస్తున్న మనిషి నవ్వి, "వాళ్లకు అట్లనే కావాలె" అన్నాడు. బస్సు కోసం ఎదురుచూస్తూ టీ తాగుతున్న నాకు శారద మేడం గుర్తొచ్చారు.

భద్రాచలం నుంచి మా కాలేజీకి వచ్చిన అతిథి అధ్యాపకురాలు ఆమె. మాకు వాదన నేర్పారు. నియమం ఒక్కటే: ఎదుటివారి మాటను వారే ఔనని తల ఊపేలా ముందు చెప్పాలి, ఆ తరువాతే మన మాట. అరబ్బులు, యూదుల విషయం చర్చకు పెట్టిన రోజు తరగతి హోరెత్తింది. అరబ్బులంతా హంతకులని ఒకరు, యూదులంతా భూమి కాజేసేవాళ్లని మరొకరు. మేడం బల్ల చరిచారు. "ఒక్కరినన్నా చూసిన్రా? సరే, చూసినోళ్ల గురించే చెప్పుండ్రి. దేవా, నీ పక్కన కూసున్న ఈ తెలుగు పిల్ల గురించి మీ ఇంట్ల ఏమంటరు?"

నా బెంచీలో కూర్చునే దోర్ల ఆదివాసీ కుర్రవాడు దేవా నసిగాడు. "చింతపండు తూకంల మోసం చేస్తరంటరు మేడం."

"మా ఇంట్ల మీరు తాగి పొలాలు అమ్ముకుంటరంటరు" అన్నాను.

అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. "మూడేండ్లు ఒకటే బెంచీ. ఇదేంది మరి?"

సరిహద్దు ఊళ్ల తెలుగు వాదన పోటీలో చీటీ తీస్తే నాకు అరబ్బుల పక్షం, దేవాకు యూదుల పక్షం వచ్చాయి. దేవా నియమం తప్పలేదు. అరబ్బుల బాధతోనే మొదలుపెట్టాడు. "మా అడివి ఊరు ఖాళీ చేపిచ్చిన్నాడు మా నాయనమ్మ పొయ్యి మీది అంబలి దించకుండనే సర్కారు క్యాంపుకొచ్చింది. అట్ల ఇల్లు పోయినోళ్లు వాళ్లు."

ముఖ్య అతిథి పకపకా నవ్వాడు. "అరే బేటా, నువ్వు వాళ్ల వకీలువా? దుష్మన్ కోసం ఏడుస్తవేంది?" ఈలలు లేచాయి. మైకు ఆపించాడు.

వెనక వరుసలో మేడం లేచి నిలబడ్డారు. "మైకు లేకున్నా చెప్పు దేవా. ఇంటున్నం."

తరతరాలుగా తరిమివేతలకు, సామూహిక హత్యలకు గురైన యూదులకు భయం లేని చోటు కావాలని దేవా గొంతు చించుకుని చెప్పాడు. నా వంతు రాగానే ముందు ఆ భయాన్నే చెప్పాను. దేవా తల ఊపాడు.

వారం తిరక్కముందే మేడం ఉద్యోగం పోయింది. మాహౌల్ ఖరాబు చేస్తోందట! ఎదుటివారి దుఃఖాన్ని సరిగ్గా పలకడం నేర్పితే వాతావరణం చెడుతుంది. ఈలలు వేయిస్తే చెడదు. ఆ ముఖ్య అతిథి ఇప్పటికీ వేదికలెక్కి బహుమతులు పంచుతున్నాడు. దీన్ని నేను క్షమించలేదు. క్షమించను.

అందుకే నిన్న గ్లాసు కింద పెట్టి ఆ ఫోన్ మనిషి ఎదుట కూర్చున్నాను. "వాళ్లంటే ఎవరన్నా?"

"నీకెందుకక్కా? నీ బస్సు పోతది, చూసుకో."

"పోనీ. నువ్వనేది చెప్పు. నేను తిరిగి చెప్త. నువ్వు ఔనన్నాకనే నా మాట."

అతను నా వైపు చూశాడు. ఫోన్ శబ్దం తగ్గించాడు. బస్సు వెళ్లిపోయింది. నేను లేవలేదు.