ఫర్కర్ గారి మారని మాట

డాక్టర్ మర్డో ఫర్కర్ గారు దేన్నైనా ఒకసారి ఒకటి అన్నారంటే, ఇక అది మారడానికి వీల్లేదు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ స్కాట్లాండు విశ్వవిద్యాలయంలో గాలి పూటకో దిక్కున వీచేది గానీ, ఆయన మాట మాత్రం కదిలేది కాదు.

ఆ బాధ అందరికన్నా బాగా తెలిసినది కంప్యూటర్ గదిలో, యంత్రం చదివే అట్టలకు చిల్లులు కొట్టే ఎఫీకి. ఆమె ఉద్యోగంలో చేరిన రోజున ఆయన పొరపాటున, అంతకుముందు పనిచేసినావిడ పేరు పెట్టి పిలిచారు.

"రామ్మా జీన్, కూర్చో."

"నా పేరు ఎఫీ అండీ."

"అయ్యయ్యో, అనేశానే! ఇప్పుడెలా మారుస్తాం?"

అంతే, ఎఫీ కాస్తా జీన్ అయి కూర్చుంది.

భోజనశాలలో మొదటిరోజు బార్లీ సూపు అడిగారు గనక ఇక రోజూ అదే, మాడిపోయిన రోజు కూడా. పొద్దున్నే "ఇవాళ వాన రాదు" అని నోరు జారితే, సాయంత్రం కుండపోతలో గొడుగు చంకన పెట్టుకుని తడుస్తూ ఇంటికెళ్లేవారు.

"గొడుగు విప్పండి డాక్టరుగారూ, జ్వరమొస్తుంది!"

"విప్పితే వాన వచ్చిందని ఒప్పుకున్నట్టే గదమ్మా జీన్!"

ఆ ఏడు రేవు నుంచి ఐల్సా అనే జాలరివాళ్ల పిల్ల చదువుకు చేరింది. మొదటి పాఠం చెబుతూనే ఆయన ఆమెతో, "ప్రోగ్రాములు రాయడం నీకు వచ్చి తీరుతుంది" అనేశారు. ఆ పిల్ల మొదటి పరీక్ష తప్పింది. వేసవి పరీక్ష కూడా తప్పితే ఇంటికి పంపేస్తానన్నారు శాఖాధిపతి లెయిడ్లా గారు. ఇంటికి అంటే, నేరుగా మేనత్త చేపల షెడ్డుకే, జీవితాంతం చేపలు కోయడానికే.

ఐల్సా ఎఫీ దగ్గర కూర్చుని ముక్కు చీదింది.

"పైన ఎక్స్ అంటే మూడన్నారు. కిందికొచ్చేసరికి ఎక్స్‌కి ఒకటి కలిపి మళ్లీ ఎక్స్‌లోనే పెట్టమంటున్నారు. మరి ఆ మూడు ఏమైపోయిందక్కా?"

గుమ్మంలో నిలబడి విన్న ఫర్కర్ గారి మొహం చాటంత అయింది.

"విన్నావా జీన్! పూటకో మాట మార్చేది ఆ ప్రోగ్రాముల భాష, తిట్లు మాత్రం ఈ పిల్లకా!"

ఆ వేళ నుంచి ఆయన తలుపు మూసుకుని కొత్త భాష కట్టడం మొదలెట్టారు. బడి లెక్కల్లోలాగే అందులో పేరుకు ఏ విలువ ఇస్తే చివరిదాకా అదే. ఎఫీ వేళ్లు వాచేలా అట్టలు కొట్టింది. యంత్రం నెలల తరబడి వాటిని తిప్పికొట్టి, చివరికి దారికొచ్చింది.

"ఓస్, ఇంతేనా!" అంది ఐల్సా, తన మొదటి జవాబు అచ్చయి బయటికి రాగానే.

యంత్రానికి అర్థమయ్యే ఏ భాషలోనైనా పరీక్ష రాయవచ్చన్నది అక్కడి నియమం. ఐల్సా కొత్త భాషలో రాసి శుభ్రంగా పాసయింది. లెయిడ్లా గారు రుసరుసలాడుతూ వచ్చారు.

"ఒక్క పిల్ల కోసం ఏకంగా భాషే పుట్టిస్తారటయ్యా?"

"వచ్చి తీరుతుందని ఆ పిల్లతో అనేశాను గదండీ. అన్న మాట మార్చలేను. భాషనైతే మార్చొచ్చు."

ఎఫీకి ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. లెయిడ్లా గారు వెళ్లాక ఫర్కర్ గారు మెల్లిగా ఆమె దగ్గరికొచ్చారు.

"నీ పేరు ఎఫీ అని నాకు తెలుసమ్మా. ఇన్నాళ్లూ మనసులో పీకుతూనే ఉంది. పోనీ, ఈ ఒక్కటీ మార్చెయ్యనా?"

"చాల్లెండి! ఇప్పుడు మారిస్తే ఆ పిల్లకి నేర్పినదంతా ఏం కాను?"

వరండాలోంచి ఎవరో "ఎఫీ!" అని కేకేశారు. ఆమె అట్టలు సర్దుకుంటూ తల కూడా తిప్పలేదు.