చీపురు ఆగిన రెండు గంటలు

శామీర్‌పేటలో బస్సెక్కి కూర్చోగానే పక్క సీటులోని పెద్దావిడ అడిగింది: "బిడ్డా, పట్నంకెల్లి కాశికి ఇమానం ఎంతసేపట్ల వోతది?"

"రెండు గంటలు పడుతుందండీ."

"గంతేనా!" అంటూ సంబరంగా కోడలికి ఫోన్ చేసింది. "మీ మామ ఇమానం ఎక్కి గంటాయె. ఇంకో గంటల దిగుతడు. గప్పటిదాంక చీపురు ముట్టకు."

ఊరెళ్ళినవాళ్ళు చేరేదాకా ఇల్లు ఊడవకూడదని మా అమ్మ కూడా అనేది. ఈవిడ భర్త కిందటిసారి రైల్లో వెళ్తే, మర్నాడు కూడా ఇల్లంతా చెత్తేనట.

"గీ ఇమానమే మంచిగుంది. జల్దీ ఊడ్సుకోవచ్చు," అంది.

నాకు నవ్వొచ్చింది. "ఆయన ఆకాశంలో ఉంటే, ఇక్కడ ఊడిస్తే ఏమవుతుందండీ?"

"గాల్ల ఉన్న మనిషి మీదికి కిందికెల్లి దుమ్ము లేపుతమా బిడ్డా?" అని, నా మాట ఆయనకు వినబడిందేమో అన్నట్టు కిటికీలోంచి పైకి చూసింది.

నాకు అలాంటి పట్టింపులేమీ లేవు. కానీ ఆ రోజు నుంచి మచ్చ బొల్లారంలో మా వాకిలి ఊడుస్తున్నప్పుడు నెత్తిమీద విమానం మోత వినిపిస్తే, అది దాటిపోయేదాకా చీపురు ఆపుతాను. అందులో ఎవరి మామగారున్నారో ఏమో.