వైకుంఠం గారి బేరం

వైకుంఠం గారు బేరమాడకుండా ఏదీ ఒప్పుకోరు. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. ఆటోవాడితో బేరం, పూలమ్మితో బేరం, సైదాబాద్‌లోని మా మానసిక వైద్యశాలలో డాక్టరమ్మతో కూడా బేరమే. "రెండు గోలీలు రాసిన్రు మేడమ్, ఒకటిన్నర చెయ్యున్రి" అంటే విమలాదేవి గారు నవ్వాపుకోలేక తల వంచుకునేవారు. గోలీలు మాత్రం రెండే.

నేనక్కడ కౌన్సెలర్‌ని. నిరుడు మేము పేషెంట్ల ఫోన్లలో ఒక యాప్ పెట్టించాం. "ఈ రోజు మనసెలా ఉంది? పదికి ఎంత?" అని అది పొద్దున్నే అడుగుతుంది. వాళ్లు అంకె నొక్కితే మాకు తెలుస్తుంది. ఆఫీసులకు వెళ్లే కుర్రవాళ్లు రోజూ నొక్కుతారనీ, దిగులు జబ్బుతో వచ్చిన ఈ పెద్దాయన దాని జోలికే పోరనీ అనుకున్నాను. అంతా తలకిందులైంది. కుర్రవాళ్లు కొద్ది రోజులకే మానేశారు. ఈయన రోజూ నొక్కడమే కాదు, నొక్కి నాకు ఫోన్ చేసేవారు.

"మూర్తి సారూ, ఇయ్యాల ఆరు పెట్టిన. మీరేమంటరు?"

"నేననేదేముందండీ, మనసు మీది."

"గట్లంటే ఎట్ల సార్? మీరు ఏడు అనున్రి, నేను ఆరున్నరకు వస్త."

"అందులో అరలు లేవండి."

"అరలు లేకుంటే గదేం బేరం సార్."

కొన్నాళ్లకు వెయిటింగ్ హాల్లోనూ మొదలుపెట్టారు. పక్కన ఎవరు కూర్చున్నా "ఎంత పెట్టినవ్?" అని అడగడమే. పురానాపూల్ నుంచి వచ్చే సామ్యూల్ ఓసారి "నాలుగు" అన్నాడు.

"గంత తక్వనా? పొద్దుగాల చాయ్ తాగినవా?"

"తాగిన."

"మంచిగున్నదా?"

"ఉన్నది."

"మరి దానికొకటి వేస్కో. ఐదు."

నాకు చిరాకేసింది. "ఇది వైద్యం వైకుంఠం గారూ, అంకె నిజం కావాలి" అన్నాను.

"ఫోన్ల నొక్కేది వాళ్లిష్టం సార్, అది నేను ముట్ట. నాది నోటి బేరమే."

అప్పుడే స్రవ్య అనే డిగ్రీ చదివే అమ్మాయి, రోజూ పదికి ఒకటే నొక్కుతూ వచ్చినది, అసలు నొక్కడమే మానేసింది. మా ఫోన్లు ఎత్తలేదు. డాక్టరమ్మా నేనూ వాళ్లింటికి బయలుదేరుతుంటే గేటు దగ్గర ఆటో ఆగింది. స్రవ్య, వాళ్లమ్మ నీలమ్మ దిగారు.

"ఈడ హాల్ల దీని నంబర్ తీస్కున్న వైకుంఠం బాపు ఫోన్ మీద ఫోన్ చేసిండు సార్" అంది నీలమ్మ. "నాది సున్న అని ఇది ఫోనెత్తి చెప్పి పెట్టేసింది. సున్నకు బేరం కుదరదని ఆయన మళ్ల చేసిండు. మస్తు లొల్లి. ఆకరికి, ఒక్కసారి మీ దగ్గరికొస్తె చాలు, ఇంకేం అడగనన్నడంట."

"ఆ బాపు ఇడ్వడు సార్" అంది స్రవ్య నీరసంగా.

ఆ రోజే విమలాదేవి గారు మందు మార్చారు. మెల్లగా ఆ పిల్ల తేరుకుంది.

తర్వాత వైకుంఠం గారినే అడిగాను, ఈ బేరం ఎందుకని.

"నేను మంచం దిగకుండ పన్నప్పుడు అందరొచ్చి ఫికర్ చెయ్యకు అని పోయిన్రు సార్. దానికి నేనేం జవాబు చెప్పాలె? బేరమైతే మనిషి తిరిగి ఒక మాటంటడు. ఇంకో మాటంటడు. గంతసేపు మన ముంగటనే ఉంటడు గదా."

స్రవ్య ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. మా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన పక్కనే కూర్చుంటుంది. ఫోన్లో ఏడు నొక్కి, ఆయనకు మాత్రం నాలుగని చెబుతుంది. ఆయన ఉత్సాహంగా ముందుకు జరుగుతారు. ఏడు సంగతి నాకు తెలుసు. ఆయనకు చెప్పలేదు.