రెండు పాత జర్మన్ కార్లు, వడగళ్ళ వాన

ఈ సాయంత్రం ప్లేనోలో మా ఇంటి ముందు నేనూ, ఫ్రెండ్ రవీ మా పాత జర్మన్ సెడాన్లు పక్కపక్కన పెట్టి ఎవరిది గొప్పో వాదించుకుంటున్నాం. నాది మ్యూనిక్‌లో తయారైన కారు, గేర్లు మారుస్తుంటే ప్రాణం లేచొస్తుంది. వాడిది స్టుట్‌గార్ట్‌ది, డోర్ వేస్తే ఇనప్పెట్టె మూసినట్టుంటుంది.

ఇంతలో వాతావరణ హెచ్చరికతో ఇద్దరి ఫోన్లూ మోగాయి. వడగళ్ళ వాన వస్తోందట. గరాజ్‌లో మా ఆవిడ వ్యాన్ పక్కన ఒక్క కారుకే చోటుంది.

"నీది పెట్టు రవీ."

"వద్దురా, ఇల్లు నీది."

ఇద్దరం కదల్లేదు. మొదటి వడగల్లు నా కారు పక్కనే పడి పగిలింది. అప్పుడు మా ఆవిడ తన కొత్త వ్యాన్‌ని రివర్స్‌లో బయటికి తీసింది.

"దీని పార్ట్స్ ఎక్కడైనా దొరుకుతాయి. మీవి రెండూ లోపల పెట్టండి, త్వరగా!"

పెట్టాం. ఇప్పుడు వ్యాన్ టాప్ నిండా డెంట్లే. ఆవిడ ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు. నేనేం చేస్తే బావుంటుందో అనుభవజ్ఞులు చెప్పండి.