పెద్ద డాక్టర్ గారిని అడిగితే ప్రభువు పంపిన మనిషి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! గూడూరుకు తూర్పున సముద్రం వైపున్న మా ఊళ్లో, పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. డిగ్రీ చదివినదాన్నే, అయినా భయం నన్ను ఎంత గుడ్డిదాన్ని చేసిందో, నా దేవుడు అందులోనుండి నన్ను ఎలా లాగాడో చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా పాప కెజియాకు ఐదో నెలలో దగ్గు పట్టుకుంది. మందు వేస్తే రెండు రోజులు తగ్గేది, మళ్లీ మొదలయ్యేది, పాలు తాగుతూ తాగుతూ ఆయాసంతో వదిలేసేది, డొక్కలు ఎగిరిపడేవి, ఆ డొక్కలు చూస్తూ నాకు అన్నం సహించేది కాదు. మూడు ఆసుపత్రులు తిరిగాం. స్నానం చేయించాక బిడ్డ ముక్కులో రెండు చుక్కల కొబ్బరినూనె వేయడం మా అత్తమ్మ అలవాటు. దగ్గు వచ్చాక నేను అది మాన్పించి, నుదుటికి రాయమని పాస్టర్ గారు ప్రార్థించి ఇచ్చిన నూనెనే ముక్కులో వేయసాగాను, పొద్దున రెండు చుక్కలు, సాయంత్రం రెండు చుక్కలు. ప్రార్థన చేసిన నూనె కదా, కీడు ఎలా చేస్తుంది అనుకున్నాను!

చివరికి నేనూ అత్తమ్మా పాపను తీసుకుని నెల్లూరు బయలుదేరాం. "తండ్రీ, ఈసారి పెద్ద డాక్టర్ గారే నా బిడ్డను చూడాలి, ఇంకెవరూ వద్దు" అని బస్సులో కన్నీళ్లతో ప్రార్థించాను. తీరా వెళ్తే, మొదట వచ్చింది ఒక ఫిజీషియన్ అసిస్టెంట్. రోగి సంగతులన్నీ ముందుగా తెలుసుకుని డాక్టర్ గారికి చెప్పి, ఆయన కింద వైద్యం చూసే ఉద్యోగమట. చూస్తే ఆ అమ్మాయి వయసులో నాకంటే చిన్నది! "డాక్టర్ గారు రారా?" అని కటువుగానే అడిగాను.

"వస్తారక్కా. అందాకా పాప లేచినకాడ నుంచి పడుకునేదాకా ఏమేం చేస్తారో నాకు చెప్పు" అని స్టూలు లాక్కుని కూర్చుంది. అంతవరకు ఎవరూ అలా కూర్చోలేదు. ఇంట్లో ఏమైనా వేస్తున్నారా అని అడిగిన చోటల్లా నేను లేదనే చెప్పాను, నూనె మందు కాదు కదా! ఇప్పుడు పాలు, స్నానం అన్నీ చెప్పుకుంటూ నూనె దగ్గరికి వచ్చేసరికి ఆమె రాయడం ఆపి, "ముక్కులోనా అక్కా?" అంది.

"ఏందమ్మే, నా బిడ్డలు ముగ్గురూ ముక్కులో నూనెతోనే పెరిగినారు" అంది అత్తమ్మ.

"నీ బిడ్డలు గట్టోళ్లవ్వా! ఈ బంగారానికి మాత్రం ఒద్దు. అది ఊపిరితిత్తుల్లోకి దిగతా ఉండాదేమో" అంటే అంత బాధలోనూ అత్తమ్మకు నవ్వొచ్చింది.

డాక్టర్ గారు వచ్చి, పరీక్షలు చేయించి, ఆ అమ్మాయి అనుమానమే నిజమన్నారు. నేను వరండాలోనే మోకరించాను. "ప్రభువా, నుదుటికని నీవిచ్చినదాన్ని నా భయంకొద్దీ ముక్కులో పోశాను, నా చేతులతోనే నా బిడ్డ ఊపిరి ఆపబోయాను, క్షమించు!" ఆ అమ్మాయి వచ్చి నా భుజం పట్టుకుని, "తెలిసి చేసినావా ఏంది? లే అక్కా, పాప ఏడస్తా ఉంది, పాలియ్యి" అంది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రెండు పూటలా వచ్చి, ఏ మందు ఎందుకో నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. హల్లెలూయా! తొమ్మిదో రోజున నా కెజియా ఆగకుండా కడుపునిండా పాలు తాగింది, ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది, నన్ను పట్టుకున్న భయం నన్ను విడిచిపోయింది!

తల్లులారా, ప్రార్థించండి, ఆసుపత్రికీ వెళ్లండి, ఇంట్లో చేసేదంతా దాచకుండా చెప్పండి, ప్రభువు ఎవరి చేత సాయం పంపినా కాదనకండి. ఈ ఆదివారం మా సంఘంలో అందరి ముందు నిలబడి, ఆ నూనె సంగతి నా నోటితోనే చెప్పబోతున్నాను. సిగ్గు లేదు నాకు, ఇంకొక్క బిడ్డ ఊపిరి దక్కినా చాలు. ఊపిరి పోసిన ఆ దేవునికే సమస్త మహిమ!